అద్దాల అరుగు

వాన పట్టుకుంటే వదలని ఆ ఏడు, బాన్సువాడలో బీడీలు చుట్టుకుని బతికే మార్కండేయులుకు పిచ్చెక్కినంత పనైంది. చుట్టిన బీడీ ఆరదు. ఆరని బీడీని సేటు ముట్టడు. పొయ్యి మీదికి గింజ లేదు. ముందరి అరుగును అద్దాలతో మూసేస్తే జల్లు రాదు, ఎండ మాత్రం వస్తుందని తెగించాడు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, బజార్లో అద్దాలెక్కడివి? ఇంట్లోని దేవుళ్ల పటాల అద్దాలన్నీ ఊడదీశాడు. ఇంకొకటి తక్కువైతే, చనిపోయిన తల్లి ఫొటో అద్దమూ తీశాడు. కిటికీ అన్నదే లేకుండా అన్నీ బిగించి, సందులు మట్టితో మెత్తి, బీడీల చాటలు లోపల పరిచాడు.

మబ్బు విడిచి ఎండ ఫెళ్లున కాసింది. కొన్నాళ్లకు ఆశగా చూడబోతే ఉక్క మొహాన కొట్టింది. అద్దాల లోపలి వైపు నీళ్లు కారుతున్నాయి. చాటల్లో బీడీలకు తెల్లగా బూజు. మూలన, మెత్తబడాలని ఎప్పటిలాగే తడి గోనె కప్పి ఉంచిన, బీడీలు చుట్టే తునికాకు కట్టలు.

"వాననంత లోపట్నే పెట్టి తలుపేసినవ్ గదయ్యా!" భార్య గంగామణి నెత్తి కొట్టుకుంది.

మార్కండేయులు రోకలి అందుకున్నాడు. అద్దం పగిలినకొద్దీ గాలి లోపలికొచ్చింది. చివరి అద్దం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది తల్లి ఫొటోది.

"గిదొక్కటి ఉండనీయే," అన్నాడు ఏడుపు గొంతుతో.

గంగామణి రోకలి లాక్కుంది.

"మనం తిన్నమో లేదో అడగకుంట మీ అవ్వ ఎప్పుడన్న పండుకున్నదా? ఆమె ఉంటె ముందుగాల గిదే పలగొడుతుండె."