ఓడకు ఆనని రాకెట్

రాజనర్సయ్య చెక్క అల అంచును గరుకు కాగితంతో రుద్ది, పొట్టు ఊదాడు. పొట్టి మనిషి, బిగువైన ముంజేతులు, కనుబొమల మీద ఎప్పుడూ రంపపు పొట్టు. అమీర్‌పేటలో ముప్పై ఏళ్లు ఇతరుల ఇళ్లకు తలుపులు బిగించాడు. ఈ సాయంత్రం మెదక్ బస్సెక్కుతాడు. అక్కడ లేచిన గోడలు తనవే. వాటికి తలుపులు తనే చేసుకోవాలి. ఈ ఓడ బొమ్మ, దారం లాగితే దాని మీదికి వచ్చే రాకెట్, ఇక్కడ చివరి పని. చెడగొట్టాడని అనిపించుకుని పోకూడదు.

"పొద్దుగాల్నుంచి గా ఓడనే చూస్తున్నవ్. నన్నెప్పుడన్న గిట్ల చూసినవా?" అంది మూట కడుతున్న భార్య పోచమ్మ.

"నువ్వు ఊకెనే ఆనుతవ్ గదనే. గీ రాకెట్ ఓడకు ఆనొద్దు."

బొమ్మ చేయించుకున్న చలపతిరావు పంజాగుట్ట నుంచి వచ్చాడు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. దారం లాగాడు. రాకెట్ చెక్క నీళ్లను రాసుకుంటూ, అలల చాటున జారి, ఓడ పక్కన తేలింది.

"ఏంటి రాజనర్సయ్యగారూ, ఇంత కిందనా? నా ఉపన్యాసం ఎత్తున, మహావేగంగా వచ్చే క్షిపణి గురించి."

"ఓడకు ఆనొద్దని మీరే అన్నరు గద సార్. ఎత్తుల వస్తే మస్తు దూరం నుంచే ఆనుతది."

"ఆనకూడదంటే తగలకూడదని. రంగు పోతుందని."

"మా దిక్కు ఆనుడంటే కనపడుడు."

రాజనర్సయ్య ముఖం వాడిపోయింది. చలపతిరావు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "పంతొమ్మిది వందల ఎనభై రెండు యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల ఓడను ముంచిన క్షిపణి ఇలా నీళ్లను రాసుకుంటూ వచ్చిందే. నాతో వాదించేవాళ్లు చెప్పేదీ ఇదే. దీన్ని ఉంచి, పైన ఇంకో దారానికి ఇంకో రాకెట్ కడతారా?"

కట్టాడు.

ఆ మధ్యాహ్నం లక్డీకాపూల్ హాల్లో ఉపన్యాసం. రాజనర్సయ్య వెనక వరుసలో కూర్చున్నాడు. పై రాకెట్ రెప్పపాటులో ఓడ మీదికి దూకింది. "గురి పెట్టేలోపే మీద పడుతుంది," అన్నాడు చలపతిరావు.

"అంత ఎత్తునుంటే రాడార్ ఎప్పుడో పట్టేస్తుంది. ఇప్పటి ఓడలు దాన్ని దారిలోనే కొట్టెయ్యవా?" ముందు వరుసలో ఎవరో అడిగారు.

చలపతిరావు కింది రాకెట్ దారం లాగాడు. అలల చాటు నుంచి రాకెట్ బయటపడేదాకా ఎవరూ గమనించలేదు. హాలంతా నవ్వింది.

"అందుకే రెండూ కావాలి. ఓడ పైకి చూస్తుండగా, ఇంకొకటి ఆనకుండా రావాలి. ఈ మాట మా రాజనర్సయ్యగారిది."

అతను వెనక వరుస వైపు చెయ్యి చూపాడు. అందరూ తిరిగారు. బస్సు వేళైందని రాజనర్సయ్య అప్పటికే వెళ్లిపోయాడు. అతని ఖాళీ కుర్చీ ఊగకుండా, కుంటికాలి కింద, అలల నీలిరంగు అంటిన టేకు ముక్క ఒకటి పెట్టి ఉంది.