అత్త ఫోను, అల్లుడి దానం

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెత ఊరికే పుట్టి ఉండదు. ఎక్కడో ఏ అత్తకో జరిగే ఉంటుంది. అప్పుడా అత్త ఊరుకుందో, ఉతికి ఆరేసిందో సామెత చెప్పదు. కుర్చీలమ్మ ఏం చేసిందో మాత్రం చెప్పుకోవచ్చు.

కుర్చీలమ్మ అంటే పేము కుర్చీలు అల్లే ఆవిడ. ఇంటి ముందు రేకుల షెడ్డులో పీట వేసుకుని, నీళ్లలో నానిన పేము పట్టీలను లాగి బిగించి అల్లుతుంది. కూతురూ అల్లుడూ మేడ మీద ఉంటారు. ఆ పొద్దున ఒక పడక్కుర్చీ పూర్తయింది. వచ్చి తీసుకెళ్లమని సొంతదారుకు చెబుదామని ఆవిడ ఫోను కోసం కిటికీ గూట్లో చెయ్యి పెట్టింది. కత్తెర తగిలింది, సుత్తి తగిలింది, ఫోను తగల్లేదు. ముందు రోజంతా కనబడకపోతే కూతురు పైన ఛార్జింగ్ పెట్టిందనుకుంది.

అంతలో అల్లుడు మెట్లు దిగొచ్చాడు, మొహం చాటంత చేసుకుని.

"వెతక్కండి అత్తయ్యా. అది ఇచ్చేశాను."

"ఎవరికి?"

"మా ఆఫీసులో పాత ఫోన్లు పోగుచేసి లేనివాళ్లకు దానం చేస్తున్నారు. నిన్న వెళ్తూ వెళ్తూ మీదీ పట్టుకెళ్లా. మీకు చెప్పకుండా సర్‌ప్రైజ్ చేద్దామని! ఇవాళ సెలవు పెట్టాను, పదండి, మంచి స్మార్ట్‌ఫోను కొనిపెడతా. సిమ్ము తీసి దాచానులెండి, ఆ మాత్రం తెలివి లేదా నాకు?"

చిన్న కవర్లో పెట్టిన సిమ్మును చూపించాడు కూడా. కుర్చీలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చచ్చినవాళ్ల వస్తువులు ఇలా పంచిపెడతారు. తను బతికి, పొద్దున్నే లేచి, ఎదురుగా కూర్చుని పని చేసుకుంటూనే ఉందే! అడగడానికి నోరు లేదా ఈయనకు?

"అమ్మా, ఆయన నీ మంచికే కదా చేసింది," అంది కూతురు పైమెట్టు మీద నుంచి. "అదో డొక్కు ఫోను."

"డొక్కుదాన్ని పారేస్తారు గానీ దానం చేస్తారటే? పనికొచ్చేదైతే నాకే పనికొస్తుందిగా!"

కూతురు గబగబా లోపలికి వెళ్లిపోయింది.

ఫోన్ల షాపు అద్దాలతో తళతళలాడుతోంది. అమ్మేవాడు ఒక్కో ఫోనూ తీసి కెమెరా గురించి చెబుతున్నాడు, అల్లుడు తల ఊపుతున్నాడు. కొనుక్కునే మనిషిని మాత్రం ఇద్దరూ మరిచిపోయారు. కాసేపటికి గుర్తొచ్చి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, తెర మీద వేలితో రాయమన్నారు. ఆవిడ రాసింది. తెర కదల్లేదు. గట్టిగా నొక్కింది. ఊహూఁ.

పేము లాగీ లాగీ ఆవిడ వేళ్ల చివరలు చెప్పు తోలులా గట్టిపడిపోయాయి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉందంటారు. ఇక్కడ శని అత్తగారి వేలి కొసన వచ్చి కూర్చుంది.

అమ్మేవాడు మెత్తటి గుడ్డ ఒకటి అందించాడు. "చెయ్యి ఒకసారి శుభ్రంగా తుడుచుకోండమ్మా."

"నా చెయ్యి శుభ్రంగానే ఉంది నాయనా. పని చేసిన చెయ్యంటే మీ ఫోనుకే గిట్టట్లేదు," అంది కుర్చీలమ్మ. "ఏదీ, అన్నీ ఇలా పెట్టు. కుర్చీ కొనేవాడు కూర్చుని చూడడా?"

వరుసగా అన్నిటినీ వేలితో గీరి చూసింది. అల్లుడు మెచ్చినవి ఒక్కటీ పలకలేదు. చివర్న, ఎవరూ అడగని ఒక చిన్న ఫోను మాత్రం వేలు పెట్టగానే మాట విన్నది.

"దాని కెమెరా ఏం బాగోదత్తయ్యా."

"నేను కుర్చీలు అల్లాలా, ఫొటోలు దిగాలా? ఇదే ఇప్పించండి."

సిమ్ము అందులో వేశారు. పడక్కుర్చీకి ఫోను చేద్దామని ఆవిడ పేర్లు తెరిచింది. తెర తెల్లగా ఉంది. కిందికి జరిపింది, పైకి జరిపింది.

"నా వాళ్లేరీ?"

అమ్మేవాడు చూసి పెదవి విరిచాడు. పేర్లన్నీ పాత ఫోనులోనే దాచుకున్నారనీ, సిమ్ములో ఒక్కటీ లేదనీ చెప్పాడు.

"కంగారుపడకండి," అన్నాడు అల్లుడు. "ఇచ్చేముందు నేను చూశానుగా. నాదీ మీ అమ్మాయిదీ తప్ప అందులో మనుషులెవరూ లేరు. అన్నీ ఊగే కుర్చీ, కుయ్యిమనే స్టూలు, పిల్లి గీరిన సోఫా... ఏదో సామాన్ల పట్టీ అనుకుని వదిలేశా."

కుర్చీలమ్మ తెల్లటి తెరను మరోసారి కిందికి జరిపింది.

వాళ్లే మనుషులు! వచ్చినవాళ్లు పేరు ఒక్కసారి చెప్పి వెళ్లిపోతారు, వాళ్ల కుర్చీ మాత్రం పనయ్యేదాకా కళ్లెదుటే ఉంటుంది. అందుకని ఆవిడకు మనిషి కుర్చీ పేరుతోనే గుర్తు. పనయ్యాక ఫోను చేస్తే వచ్చి డబ్బిచ్చి తీసుకెళ్తారు. ఇప్పుడు షెడ్డులో అల్లిన కుర్చీలు పైరేకుల దాకా పేర్చి ఉన్నాయి. ఎవరికీ కబురు చెప్పే దారి లేదు. ఇవి కదలకపోతే కొత్తది పెట్టుకోవడానికి చోటు లేదు. చెప్పిన వేళకు పిలవలేదని ఒకరు మొహం తిప్పుకుంటే, వాళ్ల మాట విని ఇంకొకరు రారు. అక్కడితో చేతిలో పని పోతుంది. పని పోతే ఆవిడ మేడ మీదివాళ్ల దయ మీద బతకాలి. అడక్కుండా ఫోను తీసుకెళ్లినవాళ్లు అప్పుడు ఏం అడుగుతారు గనక!

"పదండి మీ ఆఫీసుకు," అంది.

"ఇచ్చింది మళ్లీ అడిగితే బాగోదత్తయ్యా. నా పరువు..."

"మీ పరువు కొత్త ఫోనులో పెట్టుకుందాం. ముందు నా పాతది కావాలి."

ఆఫీసు గుమ్మం దాటగానే గోడ మీద పెద్ద బోర్డు, నిండా ఫొటోలు. నడుమ అల్లుడు, నవ్వుతూ. అతని ఎదురుగా చీపురు చంకలో పెట్టుకున్న ఒకామె, ఎవరో నవ్వమంటే నవ్వినట్టు. ఇద్దరి చేతుల మధ్య కుర్చీలమ్మ ఫోను. పగిలిన వెనక మూతకు తనే అల్లి బిగించిన సన్న పేము పట్టీ స్పష్టంగా కనబడుతోంది. కింద అల్లుడి పేరు, ముందు 'దాత' అని.

పెళ్లయిన నాటి నుంచీ కుర్చీలమ్మ అల్లుణ్ని 'మీరు' తప్ప అనలేదు. ఆ క్షణాన నాలుక దానంతటదే మళ్లింది.

"నీదా ఇది? నువ్వు కొన్నావా? నువ్వు దాతవా?"

అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూశారు. తేలు కుట్టిన దొంగలా అల్లుడు ఆవిణ్ని మెట్ల కిందికి తీసుకెళ్లాడు. అక్కడ చిన్న గదిలో ఫొటోలో ఉన్న ఆమె బకెట్లు కడుగుతోంది. రోజూ ఆ ఆఫీసు తుడిచేది ఆమే.

అల్లుడు నీళ్లు నములుతుంటే కుర్చీలమ్మే చెప్పింది, ఫోను తనదనీ, తనకు తెలియకుండా ఇచ్చారనీ. తుడిచే ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను తీసి, గోటితో వెనక మూత లేపడం మొదలుపెట్టింది.

"నా సిమ్ము తీసేసుకుంటానమ్మా, మీది మీరు తీసుకోండి. మాకేం తెలుసు, ఆఫీసువాళ్లే ఇచ్చారు. వద్దన్నా బాగోదని తీసుకున్నా. మా అక్క దగ్గర పాపను వదిలి వస్తాను, ఏడిస్తే కబురు తెలుస్తుందని సంబరపడ్డా. అంతే."

"అందులో పేర్లున్నాయి కదా?" అంది కుర్చీలమ్మ.

"ఉన్నాయమ్మా. ఊగే కుర్చీ, పిల్లి గీరిన సోఫా అనీ! చెరిపేద్దామనుకున్నా, చెయ్యి రాలేదు. ఎవరివో ఏమో, అడక్కుండా ఎట్లా తీసేస్తాం?"

అడక్కుండా. కుర్చీలమ్మ తిరిగి అల్లుడి కేసి చూసింది. అల్లుడు పైకప్పు కేసి చూశాడు.

ఆవిడ చెయ్యి ఫోను దాకా వెళ్లి ఆగిపోయింది. కావాలి, చాలా కావాలి. ఆ మీటలు ఆవిడ వేళ్లకు అలవాటు. కానీ ఇప్పుడు దాన్ని లాక్కుంటే? దానమని ఒకడు ఇస్తాడు, నాదని ఇంకొకరు పట్టుకుపోతారు, మధ్యలో ఈ మనిషేమైపోవాలి? సొంత వస్తువు కోసం ఒక తల్లి నోటి దగ్గరి మాటకు అడ్డం పడాల్సిన గతి పట్టించాడు కదా అని ఒళ్లు మండిపోయింది.

"మూత పెట్టెయ్యమ్మా," అంది. "సిమ్ము తియ్యకు. కూర్చో." అల్లుడి వైపు తిరిగింది. "నువ్వూ కూర్చో."

"ఇక్కడా?"

"ఏం, దానమిచ్చేటప్పుడు నిలబడ్డావుగా, ఇప్పుడు కూర్చో. ఆమె పేర్లు చదువుతుంది. నువ్వు కొత్త ఫోనులోకి ఎక్కించు. ఒక్క అక్షరం మార్చకు."

అల్లుడు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. తుడిచే ఆమె గొంతు సవరించుకుని చదవసాగింది. ఊగే కుర్చీ. కుయ్యిమనే స్టూలు. లావుపాటాయన రెండోసారి. పిల్లి గీరిన సోఫా. మళ్లీ పిల్లే. అల్లుడి పై అధికారి ఒకాయన మెట్లు దిగుతూ ఆగి, "ఏం చేస్తున్నావోయ్?" అని అడిగాడు.

"మనుషుల పేర్లు రాసుకుంటున్నాడండీ," అంది కుర్చీలమ్మ. "నిన్న కనబళ్లేదట."

పడక్కుర్చీ నంబరు రాగానే ఆవిడ కొత్త ఫోనుతో అక్కడికక్కడే మాట్లాడింది. సాయంత్రం వచ్చి తీసుకెళ్తామన్నారు. అప్పుడు గానీ గుండెల మీది బరువు దిగలేదు. అన్నీ అయ్యాక ఆవిడ పాత ఫోనును ఒకసారి అడిగి చేతిలోకి తీసుకుంది. వదులైన పేము పట్టీని లాగి బిగించింది. మీటల మీద బొటనవేలు ఒకసారి ఆడించి, రెండు చేతులతో తుడిచే ఆమెకు అందించింది.

"నిన్న నీకిచ్చింది దానం కాదు, దొంగతనం. ఇది నేనిస్తున్నా. నీ పాపతో చల్లగా మాట్లాడుకో. ఈ పట్టీ ఊడితే తీసుకురా, మళ్లీ బిగిస్తా."

ఆమె కళ్లకద్దుకుంది. అలవాటు కొద్దీ అల్లుడు తన ఫోను పైకెత్తి కెమెరా పెట్టబోయాడు.

"దించు!" అంది కుర్చీలమ్మ. అల్లుడు దించాడు.

"మీ నంబరు చెప్పండమ్మా, రాసుకుంటా," అంది తుడిచే ఆమె. కుర్చీలమ్మ చెప్పింది. పేరు ఏమని పెట్టుకుంటావని అడిగేలోగా ఆమె మీటలు నొక్కేసి ఫోను ఇటు తిప్పింది. చిన్న తెర మీద 'ఫోను ఇచ్చినామె' అని ఉంది.

కుర్చీలమ్మ దాన్ని చదివి, పక్కకు జరిగి అల్లుడికి చూపించింది. చాలాసేపటి తర్వాత మళ్లీ మర్యాదలోకి వచ్చింది.

"చదివారా, అల్లుడుగారూ? ఆ గోడ మీద కూడా అదే రాయించండి."