ఐర్లండు పెద్దల్ని సాగనంపడం

ఈ పొద్దున పాపయమ్మ ఇంటి ముందుగది పొడుగు పెరిగి ఉంది. వీధి తలుపు దగ్గర నిలబడితే వంటిల్లు సముద్రం మీది పడవంత దూరాన మసగ్గా కనిపిస్తోంది. అలా పెరిగిన చోటులో ఐర్లండు కవిత్వపు పెద్దలు ముగ్గురు దిగి ఉన్నారు.

పాపయమ్మకు వాళ్ళు కొత్త కాదు. ఈ కాలపు ఐర్లండు కవి ఒకాయన పద్యాలు తెలుగులోకి వచ్చిన పుస్తకం ఆమె దిండు కింద ఉంటుంది. చదివీ చదివీ దాని అట్ట ఊడిపోయింది. ఆ పద్యాల్లోంచి వినిపించేది ఈ ముగ్గురి గొంతులే. భీమిలి బస్టాండుకు ఎవరినో ఒకరిని ఎక్కించడానికి వెళ్ళి, బస్సు బోర్డుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆమె. అందుకని ఏ పుస్తకం తెరిచినా ఎవరో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది ఆమెకు.

మంచం మీద పడుకున్న ముసలాయన పాతకాలపు ఆస్థానకవి. కిటికీలు మూసిన చీకట్లో, పొట్ట మీద రాయి పెట్టుకుని పడుకుంటేనే ఆయనకు పద్యం వస్తుంది. వాళ్ళ బళ్ళో అలాగే నేర్పేవారట. కుర్చీలో కూర్చుని బెత్తంతో నేల మీద తాళం వేస్తున్నవాడు ఐర్లండు పిల్లలకు ఇంగ్లీషు పద్యం నేర్పిన ఇంగ్లండు పంతులు. తలుపు వారగా నల్ల శాలువా కప్పుకుని కూర్చున్న ఆడమనిషి చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి శోకాలు పెడుతుంది.

వాళ్ళ వెనకే ఆ పుస్తకం కవి వస్తాడు. యాభై దాటిన మనిషి. కోటు తడిసి ఉంది. భీమిలిలో వాన లేదు.

"అమ్మా, వీరిని పంపించివేయండి," అంటాడు. ఆయనకు వచ్చింది పుస్తకంలోని తెలుగే. "నేను నోరు తెరిస్తే ఈ ముగ్గురే మాట్లాడుతున్నారు. నా గొంతు నేను విని చాలా కాలమయింది."

"మీ ఊర్లోనే పంపీలేకపోనారా బాబూ?"

"మా ఊరి వీధులకు వీరి పేర్లే ఉన్నాయి. వీధిని ఎలా పంపిస్తాము?"

ఆ మాట పాపయమ్మకు న్యాయంగానే తోస్తుంది. అయినా దిండు కిందనుంచి పుస్తకం తీసి చూస్తుంది. పుస్తకంలో ఆమెకు కావలసిన పేజీ ఒకటుంది. అందులో ఎవరో తన అక్క కోసం ఏడుస్తుంటారు. పాపయమ్మ అక్క సూరమ్మ ఆసుపత్రికని బస్సెక్కింది. వెళ్ళొస్తానని చెప్పకముందే బస్సు కదిలింది. ఆమె మళ్ళీ రాలేదు. అక్క కోసం ఏడ్చే గొంతు ఇప్పుడు ఆ పేజీలో తప్ప ఇంకెక్కడా దొరకదు. అక్కడ ఏడుస్తున్నది ఈ శాలువా మనిషే. ఈమె పోతే పేజీ పోతుంది.

ముందు పంతుల్ని పంపుతుంది. మజ్జిగ ఇచ్చి, గుమ్మం దాకా తోడు వచ్చి, "ఎల్లి రండి బాబూ" అంటుంది. ఆయన సముద్రం వైపు నడుస్తాడు. పుస్తకంలో పంక్తులన్నీ ఒక పక్కకు ఒరిగిపోతాయి.

తరవాత ఆస్థానకవి. రాయిని మంచం మీదే మరిచిపోతాడు. "ఎల్లి రండి." పుస్తకంలో మాటల మధ్య బొక్కలు పడతాయి.

కవి సంబరంగా నోరు తెరుస్తాడు. గాలి వస్తుంది, అంతే.

అంతలో వంటింట్లోంచి పంతులు వస్తాడు. కాళ్ళకు ఇసుక, బెత్తానికి చిగురు. మజ్జిగ ఇంకా ఉందా అని అడుగుతాడు. ఈసారి ఆయన తాళం దంపుడు పాట వరసలో పడుతోంది. ఆస్థానకవి కూడా ఆయన వెనకే వచ్చి మంచమెక్కుతాడు.

"మీరే రమ్మన్నారు," అంటాడు కవి నీరసంగా.

"రమ్మనకుండా మనుషుల్ని పంపుతారేటి? అశుభం కాదూ?"

"మా దేశంలో వెళ్ళమంటే వెళ్ళిపోతారు."

"ఎక్కడికి?" అని అడుగుతాడు ఆస్థానకవి, మంచం మీంచి.



"ఈమె ఒక్కతె అయినా పోవాలి," అంటూ కవి శాలువా మనిషిని చూపిస్తాడు. "వెళ్ళు అనండి. అక్కడితో ఆపేయండి."

పాపయమ్మ ఆ పేజీ తెరుస్తుంది. శాలువా మనిషి లేచి నిలబడుతుంది.

"అనీయే చెల్లీ. ఎక్కడ ఏడవమంటే అక్కడ ఏడ్సీదాన్ని, నాకేటి?"

ఆ పిలుపు సూరమ్మది. పాపయమ్మ తలుపు రెక్క పట్టుకుంటుంది.

"నువ్వు ఎల్లిపోతే మా అక్క కోసం ఎవురేడుస్తారు?"

"నువ్వేడవనేదా?"

"బస్సు కదిలిపోయింది. అందులో ఉందో లేదో, ఏ కిటికీ దగ్గరుందో చూసుకోడానికే సరిపోయింది."

"అలాగైతే పడుకో."

ఆస్థానకవి పక్కకు జరిగి చోటిస్తాడు. కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. శాలువా మనిషి రాయి తెచ్చి పాపయమ్మ పొట్ట మీద పెడుతుంది. అది తడిబట్టల మూటలా బరువుగా, చల్లగా ఉంది. మెల్లమెల్లగా వేడెక్కుతుంది. దాని కిందనుంచి పాపయమ్మ గొంతు బయటకు వస్తుంది. అక్క జడ, అక్క కోపం, బస్సు వెనకాల లేచిన దుమ్ము. ఆమె ఏడుస్తుంది. మంచం కోళ్ళు కూడా తడుస్తాయి.

కవి ఆమె వెంట ఒక్కో మాటా పలుకుతాడు. ఆయన కోటు ఆరిపోతుంది. పుస్తకంలో ఆ పేజీ నిండుతుంది. మిగతా పేజీల్లో బొక్కలూ పూడుతాయి.

అప్పుడు ఆయన గొంతు తడుముకుంటాడు.

"అమ్మా, మీతో కలిపి ఇప్పుడు లోపల నలుగురయ్యారు," అంటాడు భయంగా.

తనూ వెళ్ళాలని పాపయమ్మకు అర్థమవుతుంది. వంటింటి వైపునుంచి ఒక బస్సు గదిలోకి వచ్చి మంచం పక్కన ఆగుతుంది. బోర్డు మీద అక్షరాలు ఇంకా రాలేదు. ఆమె బస్సెక్కి, రాయిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది.

"ఎల్లొస్తాను బాబూ," అని ఎదురుచూస్తుంది.

ముగ్గురు పెద్దలూ కవి మొహం వైపే చూస్తున్నారు. పంతులు తాళం ఆపేస్తాడు. కండక్టరు ఈల వేస్తాడు.

"వెళ్ళి..." అంటాడు కవి.

పాపయమ్మ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంటుంది.

"...రండి."

ఆ మాటకు తెరుచుకున్న నోరు మూతపడదు. అందులోంచి ముందు ఒక పాదం, తరవాత తడిసిన చీర అంచు బయటికి వస్తాయి. ఆయన కింది పన్నును బస్సు కమ్మీలా పట్టుకుని సూరమ్మ జాగ్రత్తగా దిగుతోంది. దిగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, కదులుతున్న బస్సులో ఏ కిటికీ దగ్గర చెల్లి ఉందా అని వెతుకుతోంది.