పచ్చదీపం పడే వేళ

ఇటలీలోని మా ఆంటోల్జ్ లోయ నుంచి స్టాలర్ కనుమ ఎక్కే దారిలో ఒక్క బండే పడుతుంది. అందుకే గంటకు పావుగంటే పైకి పోనిస్తారు. అరగంటకు పచ్చదీపం, ముప్పావుకు ఎర్రదీపం. పచ్చ తప్పితే మళ్ళీ వచ్చేదాకా పడిగాపులే. ఈ సంగతి మా ఇంట్లో పసిపిల్లలకూ తెలుసు. అయినా ఆ రోజు తొమ్మిదిన్నర దీపం తప్పించాడు మా నాన్న.

కనుమ అవతల, ఆస్ట్రియాలో, సెవెరిన్ బాబాయి చావుబతుకుల మీదున్నాడు. "పెదనాన్నను చూడాలంటున్నాడక్కా, ఆలస్యం చెయ్యకండి" అని పొద్దున్నే ఆయన కొడుకు వీట్ ఫోన్ చేశాడు. అన్నదమ్ములకు నలభై ఆరేళ్ళుగా మాటల్లేవు. జర్మనీకి పోతారా, ఇటలీలో ఉంటారా, తేల్చుకోండని జర్మన్ మాట్లాడే మా ఊళ్ళను రెండు ప్రభుత్వాలూ అడిగిన ఏడాది బాబాయి పోతానన్నాడు, నాన్న ఉంటానన్నాడు. నువ్వు ద్రోహివంటే నువ్వు ద్రోహివనుకున్నారు. రెండో ప్రపంచయుద్ధమయ్యాక బాబాయి తిరిగొచ్చి కొండకు అటుపక్కనే ఇల్లు కట్టుకున్నా, ఇద్దరిలో ఒక్కరూ కనుమ దాటలేదు.

కారు హారన్ కొట్టీ కొట్టీ నా చెయ్యి నొప్పెట్టింది. నాన్న అటక మీద ఏదో వెతుకుతున్నాడు. చివరికి నానమ్మ కట్టిన కిరీటం పట్టుకుని దిగాడు. శరత్కాలంలో మంద కొండ దిగేటప్పుడు ముందు నడిచే ఆవు తలకు కట్టేది. కాగితం పూలు, అద్దం బిళ్ళలు, నడుమ చిన్న సిలువ. ఇంట్లో చావు జరిగితే మాత్రం పూలు తీసేసి, మెడగంటల్లో గడ్డి కుక్కుతారు. ఈ కిరీటం సెవెరిన్‌కి అని నానమ్మ పోతూ పోతూ చెప్పింది. నాన్న పంతం కొద్దీ దాచేశాడు.

"ఇప్పుడా ఇది?" అన్నాను.

"ఉత్త చేతులతో పోనా వాడి దగ్గరికి? నోరు మూసుకుని బండి పోనీవే బుర్గా."

మేము దీపం దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ యాభై రెండు. ఎర్రదీపం.

"ఏడు నిమిషాలేగా దాటింది, పోనీ" అన్నాడు.

"పదికి పైనుంచి బండ్లు వదులుతారు. మలుపులో ఎదురైతే బాబాయికంటే ముందు మనమే పోతాం!"

అరిచాను. డెబ్బై అయిదేళ్ళ మనిషి మీద నోటికొచ్చినట్టు అరిచాను. పసుపెక్కిన లార్చి చెట్ల ఆకులు అద్దం మీద రాలుతున్నాయి. ఆయన జేబురుమాలుతో ఒక్కో పువ్వు దుమ్ము తుడుస్తూ, "ఎంత వెధవనే నేను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పదిన్నరకు ఎక్కాం. పైన సరిహద్దు కావలివాడు కాగితాలు చూసి చెయ్యూపాడు. అవతల రెండో మలుపు తిరిగేసరికి కంచె పక్కన కాగితం పూలూ రిబ్బన్లూ కుప్పగా పడున్నాయి. వాటి ముందు రోడ్డంతా ఆవులు. ఒక్కదాని తల మీదా పువ్వు లేదు. అన్ని మెడలకూ గంటలున్నా చప్పుడు లేదు.

"ఆపు" అన్నాడు నాన్న.

మంద వెనక నుంచి ఒకతను వచ్చాడు. అచ్చం నాన్న ముక్కే. వీట్.

"పదింపావు దాటాక పోయాడు పెదనాన్నా. కొండ దిగుతున్న మందకు కబురు చెప్పి పూలు తీయించాలని నేనే పైకొచ్చాను. నాన్నకు పొద్దున్నుంచీ గడియారం మీదే కళ్ళు. తొమ్మిదిన్నరకు, 'అక్కడ పచ్చ పడింది, అన్నయ్య బయల్దేరుంటాడు' అన్నాడు. పది కొట్టాక తలుపు వైపు తిరిగి పడుకున్నాడు."

నాన్న కిరీటం పట్టుకుని దిగాడు.

"ఈ రోజు ఆవులకు కట్టకూడదు పెదనాన్నా" అన్నాడు వీట్ మెల్లగా.

"ఆవుకు కాదురా. వాడి తల దగ్గర పెడతాను. పెట్టనిస్తావా?"

వీట్ ఆయన్ని పట్టుకుని మళ్ళీ కార్లో కూర్చోబెట్టాడు. ఆవుల్ని ఒక పక్కకు అదిలించి, ముందుకు పొమ్మని నాకు చెయ్యి చూపాడు. నేను గేరు మార్చబోతే నాన్న నా చేతి మీద చెయ్యి వేశాడు.

"మంద వెనకే పోనీవే. ఇక తొందరేముంది?"