ఐదో కడ్డీ నుంచి పన్నెండో కడ్డీకి

నేను చదివింది మూడో తరగతి. ఆ తరువాత ఇనుమే నాకు బడి. ఈ పరాయి దేశం వచ్చి, తువాస్ ఓడల యార్డులో ఇరవై ఆరేళ్లు నిచ్చెనలు వెల్డింగ్ చేశాను. ఇప్పుడు పుంగ్గోల్‌లో, కొడుకు ఇమాద్ ఫ్లాట్‌లో ఉంటున్నాం, నేనూ నా భార్య నిగారూ. అడిగితే తప్ప మాట్లాడను. ఆ శనివారం ఎవరూ అడగలేదు.

మనవరాలు అలీజాకు సోమవారం లెక్కల పరీక్ష. గట్టెక్కితేనే వచ్చే ఏడాది పై లెక్కల తరగతిలో సీటు. ఒకసారి తప్పింది. ఇదే ఆఖరి అవకాశం.

బల్ల దగ్గర తండ్రీ కూతుళ్లు తలపట్టుకుని కూర్చున్నారు. సమానంగా పెరుగుతూ పోయే అంకెల వరుస. అందులో ఐదోది ఇరవై మూడు, పన్నెండోది యాభై ఎనిమిది. ముప్పయ్యోది ఎంత?

"రెండిటికీ తేడా ముప్పై అయిదు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే మళ్లీ పాయింటే వస్తుంది డాడీ. ఈ లెక్కే రాంగ్ లా." మాట చివర ఆ 'లా' ఇక్కడి పిల్లల అలవాటు.

"లెక్క మంచిగనే ఉంది. ఫార్ములా రాయి. ఎన్ మైనస్ వన్."

"మైనస్ వన్ ఎందుకు?"

"ఫార్ములా అంతే." ఇమాద్ సైన్స్ పార్క్‌లో ఇంజనీరు.

అలీజా వేళ్లు మడిచింది. ఐదు, ఆరు, ఏడు, అలా పన్నెండు దాకా. "చూడు, ఎనిమిదే."

నిగార్ పొయ్యి దగ్గర నుంచి వంత పాడింది. "సరిగ్గనే లెక్కబెట్టింది గద బిడ్డ. జుమా జుమా ఆఠ్ దిన్ అనరా?"

అది మా ఇళ్లలో సామెత. శుక్రవారం నుంచి శుక్రవారానికి ఎనిమిది రోజులు. రెండు శుక్రవారాలనూ కలిపేసుకుంటాం. అలీజాకు వేళ్ల మీద లెక్క నేర్పింది నిగారే.

నాకు నా మొదటి నిచ్చెన గుర్తొచ్చింది. ఎనిమిది మెట్లు కదా అని, కింది మెట్టుకూ పై మెట్టుకూ మధ్య కొలతను ఎనిమిదితో భాగించి అతికించాను. ఆఖరి మెట్టు ఒక సందు కిందే ఆగిపోయింది. "మెట్లు లెక్కపెడతావేంటయ్యా కరీమూ, సందులు లెక్కపెట్టాలి గానీ" అని మేస్త్రి పరంధామయ్య నవ్వాడు. అన్నీ కోసి మళ్లీ అతికించాను.

లేచి బట్టల క్లిప్పులు రెండు తీసుకున్నాను. "రా" అన్నాను.

వరండా రెయిలింగుకు ఐదో కడ్డీ మీద ఒక క్లిప్పు, పన్నెండో కడ్డీ మీద ఒకటి పెట్టాను.

"ఐదోది పట్టుకో. పన్నెండోదాంక పో. ఎన్ని దుంకులో చెప్పు."

అలీజా చెయ్యి కడ్డీ మీంచి కడ్డీకి దాటింది. "ఏడు." వెనక్కి వెళ్లి మళ్లీ దాటింది. మళ్లీ ఏడే.

"ఐదో దాని మీద నిలబడే ఉన్నవ్ గద. దానికి దుంకేదేముంది?"

లోపలికి పరుగెత్తింది. ముప్పై అయిదులో ఏడో వంతు అయిదు. పన్నెండు నుంచి ముప్పైకి పద్దెనిమిది దుంకులు, అంటే తొంభై. యాభై ఎనిమిదికి కలిపితే నూట నలభై ఎనిమిది. ఇమాద్ తన ఫార్ములాతో చేశాడు. అదే వచ్చింది.

"ఫస్ట్ దాని మీద ఆల్రెడీ నిలబడి ఉంటం. అందుకే మైనస్ వన్" అంది అలీజా.

ఇమాద్ నా వైపు చూశాడు. "ఇన్ని రోజులు చెప్పలేదేంది అబ్బాజాన్?"

"అడగలేదు" అన్నాను.

బుధవారం అలీజా చెప్పులు విడవకుండానే కాగితం నా ఒళ్లో పెట్టింది. ఇరవైకి ఇరవై. సీటు వచ్చింది. ఈసారి తగ్గుతూ పోయే వరుస ఇచ్చారట. నాలుగోది అరవై ఒకటి, ఇరవయ్యోది పదమూడు. మొదటిది ఎంత? క్లాసులో సగం మంది పదిహేడుతో భాగించారు. మా పిల్ల పదహారు దుంకులంది. దుంకుకు మూడు దిగుతుంది. వెనక్కి మూడు దుంకులు ఎక్కి డెబ్బయ్యిని పట్టుకుంది.

"మేడం నన్ను బోర్డు దగ్గరికి పిలిచి అందరికీ చెప్పమంది దాదా. ఎక్కడ నేర్చుకున్నవ్ అని అడిగితే, తువాస్‌ల అన్నా. అక్కడ ట్యూషన్ సెంటర్ ఉందా అంటున్రు అందరు."

నేను నవ్వాను. ఇంట్లో వాళ్లు ఆ చప్పుడు విని చాలా కాలమైంది.

"శుక్రవారం బిర్యానీ చేస్త" అంది నిగార్.

"ఎన్ని రోజులున్నయ్ దాదీ?"

బుధ, గురు, శుక్ర అని నిగార్ మూడు వేళ్లు మడిచింది. రెయిలింగు మీద ఇంకా అలాగే ఉన్న క్లిప్పుల వైపు చూసింది. ఒక వేలు విప్పేసింది.

"రెండు దుంకులు."