పఫ్‌ల ప్యాకెట్ చదివిన అత్తగారు

సాయంత్రం చుట్టాలొస్తున్నారని కోడలు అత్తగారిని వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లింది. వేడి చేసి పెట్టేసే పఫ్‌లు కొంటే పని తేలికవుతుందని ఆమె ఆశ. అత్తగారు మాత్రం ఫ్రీజర్ దగ్గరే పాతుకుపోయి, ప్యాకెట్ వెనకున్న చిన్న అక్షరాలను పైకి చదవడం మొదలుపెట్టింది.

"మైదా, పుట్టగొడుగులు, ఉప్పు... వీళ్లు మనవాళ్లే. ఈ మాల్టోడెక్స్‌ట్రిన్ ఎవరే?"

"నాకూ తెలీదు అత్తయ్యా."

"మన వంటింట్లో ఎప్పుడూ అడుగుపెట్టనివాడు మన కడుపులోకి ఎందుకూ? ఇదిగో, కృత్రిమ వెన్న వాసనట! వాసన కలిపారంటే వెన్న లేదన్నమాటేగా?"

ఎన్నో ప్యాకెట్లు పక్కన పెట్టాక ఒకే ఒక్కటి దొరికింది. అందులో మైదా, వెన్న, పుట్టగొడుగులు, మిరియాలు, ఉప్పు తప్ప మరేమీ లేవు. కోడలు ఊపిరి పీల్చుకుంది. ఈలోగా వెనకున్నవాళ్లు "మాదీ చూడండమ్మా" అంటూ తమ ప్యాకెట్లు అందించారు. అత్తగారు ఉబ్బితబ్బిబ్బై అందరివీ చదివిపెట్టింది.

బిల్లు దగ్గర కోడలు బుట్టలోకి చూసి గతుక్కుమంది. "అత్తయ్యా, మన ప్యాకెట్ ఏదీ?"

"మన వెనకున్న పెద్దాయన తనకిమ్మని అంత మర్యాదగా అడిగితే కాదనలేక ఇచ్చేశానే," అని నసిగింది అత్తగారు.

చేసేది లేక, చుట్టాలకు ఇంట్లోనే ఏదో ఒకటి చేద్దామని పుట్టగొడుగులు, బ్రెడ్డు కొన్నారు. అత్తగారు బ్రెడ్డు ప్యాకెట్ తిప్పబోతుంటే, కోడలు నవ్వుతూ ఆమె కళ్లజోడు లాక్కుని తన సంచిలో పడేసింది.