నిలబడి చెప్పిన హాజరు

నేను ఒక వెబ్ కెమెరాను. కంప్యూటర్ నెత్తికెక్కి ఎదుటివాళ్ల ముఖం చూడటం నా ఉద్యోగం. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఓ ఆఫీసులో మీటింగుల ఆవులింతలన్నీ చూసి, అది మూతపడ్డాక నరసరావుపేటలో ఒక శిక్షణ కాలేజీకి చేరాను.

చిన్నపిల్లల టీచర్లు కావాలనుకునే ఆడవాళ్లకు అక్కడ కోర్సు. సగం పాఠాలు ఇంట్లో ఫోను ముందు, సగం కాలేజీలో. అందుకే అసలు కోర్సు మొదలయ్యే ముందు పరిచయ తరగతులు పెట్టేవారు. పాఠం చెప్పే షంషాద్ మేడం పక్క గదిలో కూర్చుని తెరమీద కనపడతారు. కంప్యూటర్ ల్యాబ్‌లో ఉన్నవాళ్లు ఇంట్లో ఫోను ముందు ఉన్నట్టే మాట్లాడాలి. పేరు పిలిచినప్పుడు ముఖం కనపడితేనే హాజరు. ఆ హాజరు పడకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

నా ఎదుట కూర్చున్నది నాగమల్లేశ్వరి. పదో తరగతి కాగానే పెళ్లయి, పిల్లలు పెద్దయ్యాక అత్తగారిని బతిమాలి ఒప్పించుకుని మళ్లీ చదువుకు వచ్చింది.

పేరు వినపడగానే దిగ్గున లేచి చేతులు కట్టుకుంది. "ప్రెజెంట్ మేడం!"

నాకు కనపడినవి చీర కుచ్చిళ్లు.

"నాగమల్లేశ్వరి గారూ, ముఖం కనపడట్లేదండీ."

ఆమె నిలబడే నన్ను పైకి తిప్పింది. ఫ్యాను కనపడింది. ఎవరో చెబితే కూర్చుంది కానీ, మేడం గొంతు వినగానే మళ్లీ లేచింది. ఒళ్లు మాట వింటేగా! పక్కవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె వేళ్లు కొంగు నలపసాగాయి.

"నావల్ల కాదండీ. ఇంటికి పోతా." సంచి భుజానికి తగిలించుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

మేడం పక్క గదిలోంచి పరుగున వచ్చారు. "కూర్చునే చెప్పొచ్చమ్మా, తప్పేం లేదు."

"మీరు పిలుస్తుంటే కూర్చుని ఎట్టా పలుకుతానండీ? తెరమీద ఉంటే మాత్రం మీరు మీరు కాకపోతారా?"

 మేడం నన్ను ఊడదీసి, రెండు అట్టపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన కూర్చోబెట్టారు.

"అయితే నిలబడే చెప్పండి. ఇంట్లో ఫోను కూడా ఎత్తుమీదే పెట్టుకోండి."

వెళ్లి మళ్లీ పిలిచారు. ఆమె లేచింది. చెమటకు చెదిరిన బొట్టు, తడికళ్లు, నిండు ముఖం. "ప్రెజెంట్ మేడం." హాజరు పడింది. నాకు పండగే అయింది.

ఇప్పుడు తీగ తెగి, పాడైన మౌసులతో పాటు సొరుగులో పడున్నాను. నా ముందు కూర్చున్నవాళ్లంతా టీచరుతో మాట్లాడుతూ తెర మూల తమ బొమ్మనే చూసుకున్నారు, జుట్టు సర్దుకున్నారు. నా వెనక నిజంగా ఒక మనిషి ఉందని నమ్మి, సూటిగా నాలోకి చూసింది ఆమె ఒక్కతే.

ఈపాటికి ఏదో బడిలో పాఠం చెబుతూ ఉంటుంది. ఆమె లోపలికి రాగానే బుడతలంతా లేచి నిలబడతారు కదా. వాళ్లందరూ కూర్చున్నాక, అప్పుడు కానీ ఆమె కూర్చోదు.